తాగునీరు వేరు, టీనీరు వేరు

కొండ గ్రామాలకు తాగునీరు ఎలా అందించాలో చూసి రమ్మని గ్రామీణ జలసరఫరా మండలి తన ముఖ్య కార్యనిర్వహణాధికారి విశ్వంభర్ గారిని తైవాన్ పంపింది. ఆయన వెళ్ళారు, చూశారు. అయితే ఆయనకు చూపించిన కొండ గ్రామాల్లో నీటి సమస్య లేదు. అంచేత సమస్యను ఎలా పరిష్కరించారని అడగడానికి వీల్లేకపోయింది. వచ్చిన పెద్దమనిషిని ఊరికే కూర్చోబెట్టడం బాగుండదని అక్కడివాళ్ళు టీ ఇచ్చారు.

ఆ టీ ఆయన జీవితాన్ని మార్చేసింది. ఆయన జీవితంతో ఆగి ఉంటే చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు.

తిరిగి వచ్చిన మర్నాడే మండలి ప్రధాన కార్యాలయంలో సిబ్బంది అందరినీ సమావేశ మందిరానికి పిలిపించారు. అర్జీల విభాగం సూపరింటెండెంటు తులసీరత్నం వెనక వరసలో కూర్చుంది. జనం పెట్టుకున్న అర్జీలకు ‘పరిశీలనలో ఉన్నది’ అని జవాబు రాయడం ఆవిడ ఉద్యోగం. ఆ మాట రాసేటప్పుడు ఆవిడకు ప్రతిసారీ కాస్త సిగ్గేసేది. ఇన్నేళ్ళ సర్వీసులోనూ పోని ఆ సిగ్గును ఆఫీసులో అందరూ ఒక ఆరోగ్య సమస్యలా చూసి, ఆవిడ మీద జాలిపడేవారు.

బల్ల మీద అరచేతిలో ఇమిడిపోయే పింగాణీ కూజా, బొటనవేలంత కప్పులు ఉన్నాయి. విశ్వంభర్ గారు ఒక పొట్లం విప్పి, ముదురాకుపచ్చ ఉండలు చెంచాడు తీసి చూపించారు. మిరియాల కన్నా కాస్త పెద్దవి.

“దీన్ని ఊలాంగ్ అంటారు. ఇది పచ్చ టీ కాదు, నల్ల టీ కాదు. ఆకును కొంతవరకు పులియనిచ్చి, అక్కడితో ఆపి, ఉండగా చుడతారు. బాగా ఎత్తయిన కొండల మీద, మబ్బుల్లో పెరుగుతుంది. ఎండ పల్చగా తగులుతుంది గనక ఆకు తొందరపడదు. తొందరపడదు గనక చేదెక్కదు. మన పరిపాలనకు ఇందులో ఎంత సందేశం ఉందో గమనించండి.”

అందరూ గమనించారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కామేశం గారు డైరీలో రాసుకున్నారు కూడా.

వేడినీళ్ళు పోసి, మొదటి నీళ్ళు పారబోసి, మళ్ళీ పోసి మూతపెట్టారు. కాసేపటికి కప్పుల్లోకి లేత పసుపు రంగు నీళ్ళు వంచారు. వెనక నుంచి ఎవరో పంచదార సంగతి అడగబోయి, ముందువాళ్ళు తిరిగి చూసేసరికి దగ్గుగా మార్చుకున్నారు.

తులసీరత్నం మొహమాటానికి ఒక గుక్క తాగింది. మొదట సంపెంగ పువ్వు పక్కనుంచి నడిచిపోయినట్టు చిన్న వాసన. ఆ తర్వాత అప్పుడే తీసిన వెన్న కమ్మదనం. మింగేశాక అయిపోయిందనుకుంటే గొంతులోంచి మెల్లగా చెరకు తీపి పైకొచ్చింది. నిజంగానే బాగుంది. పెద్దాఫీసరు చెప్పింది నిజంగానే బాగుండటం ఆవిడకు కొత్త. అదే ఆకుల మీద మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోస్తుంటే ఒకసారి పువ్వు ముందుకొచ్చింది, ఒకసారి వెన్న. ఉండలు విప్పుకుని కూజా నిండా పూర్తి ఆకులయ్యాయి.

ఆ వారంలోనే ఉత్తర్వులు వచ్చాయి.

“ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, మండలి ఆవరణలో పాలు, పంచదార, అల్లం మొదలగు ఉద్రేక పదార్థములతో కూడిన తేనీరు నిషేధించడమైనది. అర్జీదారులకు మున్ముందుగా ఊలాంగ్ సేవింపజేసి, వారి మనస్సు విప్పారిన పిమ్మట మాత్రమే అర్జీని స్వీకరించవలెను. మనస్సు విప్పారినదీ లేనిదీ సంబంధిత సూపరింటెండెంటు ధ్రువీకరించవలెను.”

తులసీరత్నం ధ్రువీకరించడం మొదలుపెట్టింది. కానీ చిక్కొచ్చిపడింది. మొదటిరోజు టీ కాచింది విశ్వంభర్ గారు విమానాశ్రయంలో కొన్న సీసా నీళ్ళతో. ఇప్పుడు కాస్తున్నది మండలివారి కుళాయి నీళ్ళతో. సంపెంగ వచ్చేచోట బ్లీచింగ్ పౌడరు వచ్చింది. వెన్న వచ్చేచోట ఇనుప పైపు వచ్చింది. తీపి కోసం ఎంతసేపు ఎదురుచూసినా గొంతులోంచి ఏమీ తిరిగి రాలేదు.

విశ్వంభర్ గారు నొచ్చుకుని కామేశం గారి అధ్యక్షతన కమిటీ వేశారు. కమిటీ కుళాయి నీటిని పరీక్షించి, అది మండలి నిర్దేశించిన ప్రమాణాలకు పూర్తిగా లోబడి ఉన్నదని తేల్చింది. అదే నివేదికలో, ఆ నీరు టీకి పనికిరాదని కూడా తేల్చింది. మండలి రెంటినీ ఆమోదించింది. జిల్లాలో లక్షలమంది ఆ నీళ్ళే తాగుతున్నారన్న సంగతి కమిటీ పరిధిలోకి రాలేదు.

సరిగ్గా అప్పుడు మబ్బుపుట్టు నుంచి గెమ్మెలి చిలకమ్మ వచ్చింది.

మబ్బుపుట్టు కొండల మీద పాతిక గడపల ఊరు. ఊరికి పైన, ఎక్కడానికి ఊపిరాడనంత నిటారుగా ఒక ఊట ఉంది. ఆడవాళ్ళు బిందెలతో ఎక్కి, తెచ్చుకుంటారు. ఊట నుంచి ఊళ్ళోకి ఒక పైపు, చివర ఒక కుళాయి కావాలని చిలకమ్మ ఏటేటా అర్జీ పెడుతుంది. పాతిక గడపలకు పైపు వేస్తే తలసరి ఖర్చు పరిమితి దాటిపోతుందని ఇంజనీర్లు ఏటేటా పక్కన పెడతారు. జవాబు రాసేది తులసీరత్నం. అలా ఇద్దరికీ బాగా పరిచయం.

“ఈసారేటి రాసినారమ్మా?” అంది చిలకమ్మ కూర్చుంటూ.

“ముందు టీ తాగాలే చిలకమ్మా. తాగాకే మాట్లాడాలట.”

“అలాగా? మంచిదే. పొద్దుటి నుంచి టీ సుక్క పడనేదు.”

తులసీరత్నం కుళాయి తిప్పింది. రాలేదు. జలసరఫరా మండలి ప్రధాన కార్యాలయానికి ఆ పూట జలసరఫరా లేదు. చిలకమ్మ సంచీలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు ఊటనీళ్ళు పట్టుకుని రావడం ఆవిడకు అలవాటు. “ఇయ్యి మరిగించండమ్మా. నాకెలాగూ మీరు టీ ఇత్తన్నారు గదా.”

ఆ నీళ్ళతో కాచిన టీ వాసన వరండా దాటి విశ్వంభర్ గారి గదిలోకి వెళ్ళింది. ఆయన స్వయంగా లేచి వచ్చారు. తులసీరత్నం తన కప్పు ఆయన ముందు పెట్టింది. ఆయన తాగి, కళ్ళు మూసుకుని, చాలాసేపు తెరవలేదు. అటెండరు కంగారుపడి ఫ్యాను వేశాడు.

“ఎక్కడిదీ నీరు?”

ఇదే అదను అనుకుంది తులసీరత్నం. “మబ్బుపుట్టు ఊట నీళ్ళు సార్. ఈవిడ ఊరే. అక్కణ్నుంచి పైపు వెయ్యమని ఎన్నాళ్ళనుంచో అర్జీ పెండింగులో ఉంది సార్.”

“ఇంత గొప్ప ఊట దగ్గర్నుంచి ఇంతకాలం పైపు వెయ్యకపోవడం మండలి చేసిన నేరం,” అన్నారు విశ్వంభర్ గారు. “ఇవాళే మంజూరు చేస్తున్నాను.”

చిలకమ్మ లేచి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తులసీరత్నం ఆ రోజు ఇంటికి వెళుతూ గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. ఇన్నేళ్ళలో ఒక అర్జీకి ‘మంజూరైనది’ అని రాయడం ఆవిడకు అదే మొదలు.

పని పరుగెత్తింది. లారీల్లో పైపులు వచ్చాయి. రోడ్డు లేనిచోట మబ్బుపుట్టు మగవాళ్ళు భుజాల మీద మోశారు. ఆడవాళ్ళు కందకం తవ్వారు. మన పైపే కదా అని కూలి కూడా గట్టిగా అడగలేదు. పైపు ఊట దగ్గర మొదలై, ఊరి నడిమధ్య నుంచి దిగి, ఊళ్ళో ఆగకుండా వెళ్ళిపోయింది. కొండలు దిగింది, రెండు వాగులు దాటింది, జీడితోటల్లోంచి, రైలు పట్టాల కిందినుంచి వచ్చి జిల్లా కేంద్రంలో మండలి కార్యాలయం రెండో అంతస్తులో, విశ్వంభర్ గారి గది పక్కన వెండిరంగు కుళాయిగా తేలింది.

ప్రారంభోత్సవం అయిన కొన్నాళ్ళకు చిలకమ్మ వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

“పైపు మా గుమ్మాల్లోంచే పోతందమ్మా. సెవి పెడితే నీళ్ళు పోతన్న సప్పుడు ఇనబడతంది. పిల్లలు దానిమీదే కూకుంటన్నారు, సల్లగుంటాదని. మాకు కుళాయి మాత్రం నేదు.”

“ఊటకి వెళ్ళి తెచ్చుకుంటున్నారా, పోనీ?”

“ఊట సుట్టూ కంచె ఏసినారు. కాపలా మనిషిని ఎట్టినారు. మా బిందెలు ముంచితే రుసి సెదిరిపోతాదట. ఇప్పుడు కింద గెడ్డలోకి దిగి తెచ్చుకుంటన్నాం. పశువులు దిగే వాగమ్మా అది.” చిలకమ్మ గొంతు పెంచలేదు. “మీరు మంచి సేద్దామనే సెప్పినారు. నాకు తెల్సు. కానీ ముందటి సంగతే బాగున్నాది.”

తులసీరత్నానికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడను అక్కడే కూర్చోబెట్టి, తిన్నగా విశ్వంభర్ గారి గదిలోకి వెళ్ళింది. కామేశం గారు అక్కడే ఉన్నారు.

“సార్, మబ్బుపుట్టుకి ఒక్క కుళాయి ఇప్పించండి సార్. పైపు వాళ్ళ ఊళ్ళోంచే వస్తోంది.”

విశ్వంభర్ గారు కప్పు కింద పెట్టారు. “తులసీరత్నం గారూ, మీరు తాగునీటి గురించి మాట్లాడుతున్నారు. ఆ పైపులో వస్తున్నది తాగునీరు కాదు. టీనీరు.”

“నీళ్ళు అవే కదండీ.”

“నీళ్ళు అవే. పద్దు వేరు,” అన్నారు కామేశం గారు, చిన్నపిల్లకు చెప్పినట్టు. “తాగునీటి పద్దులో తలసరి పరిమితి ఉంటుంది మేడం గారూ. టీనీటిని కార్యాలయ సదుపాయాల పద్దులో వేశాం. అందులో పరిమితి లేదు. ఇప్పుడా పైపుకి ఊళ్ళో కుళాయి పెట్టామంటే అది తాగునీటి పథకమైపోతుంది. అవగానే పరిమితి దాటిపోయినట్టు లెక్క. అప్పుడు పైపంతా తవ్వి తియ్యాలి.”

“నాకు మాత్రం బాధ ఉండదా?” అన్నారు విశ్వంభర్ గారు. నిజంగానే ఆయన ముఖం వాడిపోయింది. “ఒక పని చెయ్యమనండి. అర్జీదారులుగా ఇక్కడికి రమ్మనండి. ఎంతమంది వచ్చినా ఆ నీళ్ళతోనే టీ ఇస్తాం. మన గుమ్మం ఎవరికీ మూసి లేదు.”

అంతకన్నా దారి లేక మబ్బుపుట్టు ఆడవాళ్ళు వచ్చారు. తెల్లారి బస్సెక్కి, బిందెలు ఒళ్ళో పెట్టుకుని వచ్చి, అర్జీదారుల బల్లల మీద వరసగా కూర్చున్నారు. అటెండర్లు బొటనవేలంత కప్పులతో తిరిగారు. ఒక ముసలమ్మ తనకిచ్చిన టీని తాగకుండా బిందెలో పోసుకుని, మళ్ళీ కప్పు చాపింది. పక్కావిడ కూడా చాపింది. సాయంత్రానికి బిందెల్లో అడుగు తడిసింది. అర్జీదారుల సందర్శనలు అనూహ్యంగా పెరిగాయని, గిరిజన మహిళలు పాత్రలతో సహా తరలివస్తున్నారని మండలి ఒక ప్రకటన విడుదల చేసింది. పేపర్లో ఫొటో కూడా పడింది.

ఆ ఫొటోలో బిందె పట్టుకున్న ముసలమ్మ చెయ్యి చూస్తూ తులసీరత్నం ఆదివారమంతా కూర్చుంది. తను ఆ రోజు నోరు విప్పకపోతే ఆ ముసలమ్మకు ఊటైనా మిగిలేది. ఇన్నాళ్ళూ తప్పించుకోలేక రాసిన ఆఫీసు భాషే కదా, ఒక్కసారి కావాలని రాసి చూద్దామనుకుంది. సోమవారం పొద్దున కాగితం తీసుకుని విశ్వంభర్ గారి ముందు పెట్టింది.

“ఏమిటిది?”

“ప్రతిపాదన సార్. ఊట దగ్గర నీటి రుచికీ, ఇక్కడ కుళాయిలో రుచికీ కాస్త తేడా వస్తోందని నాకు అనుమానం సార్. అంత దూరం ప్రయాణం కదండీ.”

విశ్వంభర్ గారు నిటారుగా కూర్చున్నారు. “నాకూ ఉంది ఆ అనుమానం. నిన్న వెన్న కొంచెం తగ్గింది. బయటికి చెప్పలేదు.”

“అందుకని మబ్బుపుట్టులో ఒక రుచి పరిశీలన కేంద్రం ఉండాలి సార్. పైపుకి అక్కడ ఒక నమూనా కుళాయి పెట్టి, రోజూ రుచి చూసేవాళ్ళని నియమిస్తే, తేడా ఎక్కడ వస్తోందో తేలిపోతుంది.”

“కుళాయి అంటే మళ్ళీ తాగునీరు…” అని కామేశం గారు అందుకోబోయారు.

“తాగడానికి కాదండీ. పరిశీలనకి. తాగితే అది పరిశీలనలో భాగంగా తాగినట్టు.”

కామేశం గారు ఆలోచించారు. నిబంధన ఏదీ అడ్డు రాలేదు. “ఎంతమంది పరిశీలకులు?”

“ఒకరి నాలుక మీద ఆధారపడితే పక్షపాతం వస్తుంది. ఇంటికొకరు ఉండాలి సార్.”

“ఒక్కొక్కరికి నమూనా ఎంత?”

“రోజుకి నాలుగు బిందెలు.”

“రుచి చూడటానికి బిందెలెందుకు మేడం గారూ? చెంచా చాలదూ?”

“సమగ్ర పరిశీలన అండీ. ఉత్తినే తాగితే ఎలా ఉంది, గంజిలో ఎలా ఉంది, పప్పు ఉడుకుతోందా లేదా, స్నానానికి ఎలా ఉంది, దూడ తాగుతోందా లేదా. ఇవన్నీ తెలియకుండా రుచి పూర్తిగా తెలిసిందని ఎలా చెప్పగలం?”

ఇది అబద్ధమని తెలిసీ ఆవిడకు సిగ్గు వెయ్యలేదు. అందుకు ఆవిడే ఆశ్చర్యపోయింది.

విశ్వంభర్ గారు లేచి వచ్చి ఆవిడతో కరచాలనం చేశారు. “మండలిలో నా మాట అర్థమైంది మీకొక్కరికే,” అన్నారు. కేంద్రానికి బోర్డు, సభ్యులకు ఫొటోతో గుర్తింపు కార్డులు కూడా ఉండాలని తన వంతుగా చేర్చారు. ఒకే ఒక షరతు పెట్టారు. ప్రతి పొద్దునా రుచి నివేదిక రావాలి.

మబ్బుపుట్టు నడిబొడ్డున కుళాయి లేచింది. దాని పక్కన ‘రుచి పరిశీలన కేంద్రం, అనుమతి లేనిదే దాహము తీర్చుకొనరాదు’ అని బోర్డు లేచింది. ఊరందరికీ అనుమతి ఉంది. మెడలో కార్డులు వేసుకుని ఆడవాళ్ళు బిందెలు నింపుకున్నారు.

మొదటి నివేదికలో చిలకమ్మ ‘సల్లగున్నాయి’ అని చెప్పి పంపింది. చల్లదనం ఉష్ణోగ్రత కిందికి వస్తుందే తప్ప రుచి కిందికి రాదని కామేశం గారు తిప్పి పంపారు. రెండో నివేదికలో ‘బాగున్నాయి’ అని వచ్చింది. ఏ విధముగా బాగున్నవో వివరించవలెనని మళ్ళీ తిప్పి పంపారు. దాంతో మబ్బుపుట్టు ఆడవాళ్ళకు పంతం వచ్చింది. కుళాయి దగ్గర వరసలో నిలబడి ఒకరితో ఒకరు పోటీపడి చెప్పడం మొదలుపెట్టారు. బడి పంతులు రాసి పంపేవాడు.

“పనసాకు నలిపినట్టున్నాది.” “వాన రాబోయే ముందటి రాయిలాగున్నాది.” “మా అమ్మ జొరం తగ్గినాక ఎట్టిన గెంజి తేటలాగున్నాది.” “నిన్నటి కన్నా నెమ్మదిగున్నాది.”

విశ్వంభర్ గారు వీటిని సమావేశాల్లో చదివి వినిపించేవారు. జ్వరం తగ్గాక గంజి తేట దగ్గర ఆగి, ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు మిగిలిన ఎజెండా వాయిదా పడింది.

ఏడాది తిరక్కుండా ఆయనకు పదోన్నతి మీద రాజధానికి బదిలీ అయింది. ఆయన స్థానంలో సువర్చల గారు వచ్చారు. ఆవిడ టీ తాగరు, కాఫీ తాగరు, గోరువెచ్చని నీళ్ళు తాగుతారు. వచ్చిన రోజే ఊలాంగ్ విధానాన్ని రద్దు చేశారు. కూజాలు, కప్పులు, మిగిలిన టీ పొట్లాలు వేలం వేశారు. రెండో అంతస్తు వెండి కుళాయి ఊడబీకి, మబ్బుపుట్టు దిగువనుంచి పైపును బంద్ చేయించారు. ఊట చుట్టూ కంచె తుప్పుపట్టి తనంతట తనే పడిపోయింది.

“ఈ రుచి పరిశీలన కేంద్రం ఏమిటి?” అని తులసీరత్నాన్ని పిలిచి అడిగారు.

“నీటి నాణ్యతకి సంబంధించినది మేడం.”

“రోజూ నివేదిక వస్తోందా?”

“ఒక్కరోజు కూడా తప్పలేదు మేడం.”

సువర్చల గారు పాత నివేదికలు తెప్పించుకుని చదివారు. ముఖంలో ఏ మార్పూ లేదు. “మండలిలో రోజూ పనిచేసే విభాగం ఇదొక్కటే ఉన్నట్టుంది. దీన్ని ముట్టుకోవద్దు. జిల్లా అంతటా విస్తరించండి. ప్రతి గ్రామం తన కుళాయి నీటి రుచిని రోజూ తెలియజేయాలి.”

ఉత్తర్వులు వెళ్ళాయి. వారం తిరగకుండా గ్రామాలనుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. మా ఊళ్ళో కుళాయి ఉంది గానీ నీళ్ళు రావు, రుచి ఎలా చెప్పాలి అని కొందరు. అసలు కుళాయే లేదు, ఏం చెయ్యమంటారు అని కొందరు. దీనిమీద కామేశం గారి అధ్యక్షతన కమిటీ కూర్చుని, లోతుగా చర్చించి, స్పష్టత ఇచ్చింది.

“నీరు రాని గ్రామములు రుచి అను గడిలో ‘లేదు’ అని నింపి పంపవలెను. నివేదిక పంపుట మాత్రం మానరాదు.”

మండలి చరిత్రలో మొదటిసారి అన్ని గ్రామాల నుంచీ నూటికి నూరుపాళ్ళు నివేదికలు వచ్చాయి. అందుకు కామేశం గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఆ చలికాలంలో తనిఖీ పేరుతో తులసీరత్నం మబ్బుపుట్టు వెళ్ళింది. వేలంలో ఎవరూ పాడని ఊలాంగ్ పొట్లం ఒకటి సంచీలో వేసుకుంది. చిలకమ్మ ఇంటి ముందు తులసీరత్నమే కట్టెల పొయ్యి మీద నీళ్ళు మరిగించి, దించి, పొంగు చల్లారాక గిన్నెలో ఆకు మీద పోసింది. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఉండలు మెల్లగా విచ్చుకుని కాడతో సహా ఆకులు తేలుతుంటే వంగి చూశారు.

“పాలెయ్యరా?” అని అడిగింది ముసలమ్మ.

“వెయ్యకూడదు మామ్మా.”

స్టీలు గ్లాసుల నిండా పోసింది. పొగమంచులో ఎవరి గ్లాసు వాళ్ళు రెండు చేతులా పట్టుకుని తాగారు.

“బాగున్నాది,” అంది చిలకమ్మ. “నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఆకు ఊరికే పలకరించి పోతంది.”

అవతల కుళాయి దగ్గర బిందెలు నిండుతున్నాయి. బడి పంతులు ఆ పూట రాలేదు. నివేదిక తులసీరత్నమే రాయాల్సి వచ్చింది. కాగితం మోకాలి మీద పెట్టుకుని, “ఈరోజు రుచి ఏం రాయమంటావు చిలకమ్మా?” అని అడిగింది.

చిలకమ్మ కుళాయి వైపు చూసింది.

“వొచ్చినాయని రాయండి.”

“అది రుచి కాదే.”

“మరేటి?”

తులసీరత్నం కలం విదిలించి, రుచి అన్న గడిలో ‘వచ్చాయి’ అని రాసి, కింద సంతకం పెట్టింది.